ఆఖరి అధ్యాయం విప్పిన చేతులు

మహజబీన్ పోలీసు జీపు ముందు చక్రానికి ఆనుకుని కూర్చుంది.

"పోనీ అన్నా," అంది డ్రైవరుతో. "ముందు నా మీద పోనిచ్చి, ఆనెంక మా ఆయన్ను యాడికైనా తీసుకపో."

ఇంజను ఆడుతూనే ఉంది. జీపు వెనక సీట్లో ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య ఆమె భర్త యూనస్ తల వంచుకుని ఉన్నాడు. భార్య వైపు చూడటం లేదు. హేమలత కారు దిగి పరిగెత్తుకొచ్చేసరికి ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు మహజబీన్‌ను చెరో చేయి పట్టుకుని లేపుతున్నారు.

హేమలత హిందూపురంలో చిన్న డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతోంది. పెళ్లి సంబంధాల వాకబులు, ఇన్సూరెన్సు విచారణలు ఆమె రోజువారీ పని. కానీ ఈ కేసుకు ఆమెను ఎవరూ పిలవలేదు. చనిపోయినావిడా స్నేహితురాలే, జీపులో ఉన్నవాడూ స్నేహితుడే.

శుక్రవారం సాయంత్రం పెనుకొండలో రిటైర్డ్ టీచర్ నీలావతి తన ఇంట్లో, పడక్కుర్చీలో ప్రాణం లేకుండా కనిపించింది. ఉబ్బసం మనిషి కాబట్టి ఊపిరాడక పోయిందనే అందరూ అనుకున్నారు. శనివారం పోస్టుమార్టంలో అసలు సంగతి బయటపడింది. ఎవరో మొహం మీద దిండు అదిమిపెట్టారు. ఆ రాత్రే యూనస్‌ను తీసుకొచ్చారు. ఈ రోజు ఆదివారం.

ఎస్సై శివప్రసాద్ పెనుకొండ స్టేషను మెట్లు దిగుతూ హేమలతను చూసి ఆగాడు.

"రండి మేడం. డిటెక్టివ్ పుస్తకాలు చదివే సంఘంలో ఒకరు పోయినారు, ఒకరు జీపెక్కినారు. మీరింక ఏ పుస్తకం పట్టుకొచ్చినారు?"

"యూనస్ చంపలేదు సార్."

"ఆయనే ఒప్పుకున్నాడు."

శివప్రసాద్ తెలివితక్కువవాడు కాదు. వేలు మడుస్తూ ఒక్కొక్కటే చెప్పాడు. శుక్రవారం ఒంటిగంట దాటాక యూనస్ ఆ ఇంట్లోకి వెళ్లడం పక్కింటి పుట్టమ్మ చూసింది. ఆ తర్వాత ఎవరూ వచ్చినట్టు లేదు. యూనస్ తెచ్చిన పుస్తకంలో ఒక కోడలిని దిండుతో చంపుతారు. అది వారం రోజులు అతని దగ్గరే ఉంది.

"దిండుతో ఎట్ల చంపాల్నో అచ్చేసి ఇస్తాండారు. ఈయప్ప నేర్చుకున్యాడు," అన్నాడు.

"అదే పుస్తకం నేనూ చదివినా. నన్నేంటికి పట్టుకోలేదు?"

"మీరు శుక్రవారం పొద్దుగూకులూ హిందూపురంలో ఉండారు. నిన్ననే కనుక్కున్నా."

హేమలత ఇంక వాదించలేదు. ఒక్క నిమిషం మాట్లాడనివ్వమంది. అతను డ్రైవరుకు ఇంజను ఆపమని సైగ చేశాడు. రిమాండుకు ముందు వైద్య పరీక్షకు తీసుకెళ్తున్నారు. సాయంత్రం ఐదింటికి మేజిస్ట్రేట్ ఇంటి ముందు ఉండాలి.

ఆమె జీపు పక్కన నిలబడింది. యూనస్ కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"కొట్టినారా?"

"లేదక్కా. ఎవరూ చెయ్యి వెయ్యలేదు." గొంతు సవరించుకున్నాడు. "పుస్తకం ఇచ్చినా. కాఫీ తాగిపో నాయనా అనింది టీచరమ్మ. రైలుకు టైమయిందని వచ్చేసినా. కూర్చోనింటే బతికేది కదా. రాత్రంతా అదే తలకాయలో తిరుగుతాండె. పొద్దున అడిగితే, అవును సార్, నా వల్లే పోయింది అన్నా. అదే రాసుకున్యారు."

మహజబీన్ ఏడుపు ఆపి వింది. తర్వాత మొగుడి మోకాలి మీద చేత్తో ఒక్కటి వేసి, మళ్లీ ఆ మోకాలినే పట్టుకుని ఏడ్చింది.

జీపు వెళ్లిపోయింది. హేమలత శివప్రసాద్‌ను ఒక్కటే అడిగింది. నీలావతి ఇంట్లో ఆ పుస్తకం ఇంకా ఉందా? ఉందన్నాడు. చూడాలంది. అతను విసుక్కున్నాడు గానీ, తాళం చెవి తీసుకుని తనే వెంట వచ్చాడు.

*

ఆ పుస్తకం కథ దారిలో చెప్పింది.

వాళ్లు నలుగురు. పెనుకొండలో నీలావతి, హిందూపురంలో హేమలత, అక్కడే బైండింగు షాపున్న యూనస్, ధర్మవరంలో పట్టుచీరల కొట్టు చంద్రశేఖర్. నలుగురికీ ఒకటే పిచ్చి. మనసు మెలికలు తిరిగే హత్య కథలు. పాత వీక్లీల్లో వచ్చి ఎప్పుడూ పుస్తకాలుగా రాని సీరియళ్లను యూనస్ పాత పేపర్ల అంగళ్లలో ఏరి తెచ్చేవాడు. పేజీలు చింపి, వరసగా పేర్చి, అట్ట వేసి కుట్టేవాడు. అలా ఒక్కో కథకూ ప్రపంచం మొత్తంలో ఒకటే ప్రతి, వాళ్ల దగ్గరున్నదే. అది ముందు ధర్మవరం, తర్వాత హిందూపురం, చివరికి పెనుకొండ చేరేది.

ఆఖరి అధ్యాయం మాత్రం ఎవరూ చదవకూడదు. చంద్రశేఖర్ ఇచ్చిన పట్టుదారంతో యూనస్ ఆ పేజీలను కట్టేసేవాడు. పేజీల అంచున రెండు రంధ్రాలు, అందులోంచి వదులుగా ఒక దారం, చివర మైనం అద్దిన ముడి. ఆదివారం నలుగురూ నీలావతి ఇంట్లో కూర్చుని, హంతకుడెవరో ఎవరికి తోచింది వాళ్లు చెప్పి, అప్పుడు దారం తెంచేవాళ్లు. నీలావతి పైకి చదివేది. పిల్లలకు ఎక్కాలు చెప్పిన గొంతు. సరిగ్గా పేరు బయటపడే చోట ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకునేది. యూనస్ ఆ కాసేపు తట్టుకోలేక లేచి వాకిట్లోకి పోయేవాడు. చంద్రశేఖర్ ప్రతిసారీ అమాయకుడినే పట్టుకుని నిందించేవాడు.

"ఈ రోజు కూడా ఆదివారమే," అంది హేమలత.

శివప్రసాద్ నీలావతి ఇంటి తాళం తీశాడు.

పుట్టమ్మ గడపలోకొచ్చి నిలబడింది. ఎస్సై అడగని ప్రశ్న హేమలత అడిగింది. యూనస్ వెళ్లిపోయాక ఆమె ఏం చేసింది?

"ఏం చేస్తా తల్లీ, అన్నం తిని పండుకున్యా. లేసేసరికి నాలుగయింది."

"అంటే ఆమధ్య ఎవరన్నా వచ్చినా నీకు తెలీదు."

"నిద్రలో ఎట్ల తెలుస్తాది?"

శివప్రసాద్ మెడ రుద్దుకున్నాడు.

గదిలో పడక్కుర్చీ, పక్కన స్టూలు. స్టూలు మీద పుస్తకం. ఆఖరి పేజీలకు ఊదారంగు పట్టుదారం కట్టే ఉంది. వంటింట్లో ఒక లోటా కడిగి బోర్లించి ఉంది. నీలావతి కాఫీ లోటాలను సాయంత్రం పనిమనిషి వచ్చేదాకా కడిగేది కాదు. ఎవరో కాఫీ తాగి, తాగిన లోటా తామే కడిగి పెట్టారు. దేవుడి గూట్లో విభూతి డబ్బాకు మూత లేదు.

హేమలత పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. యూనస్ వేసిన మైనం ముడి అలాగే ఉంది. ఆమె గోరుతో దారాన్ని మెల్లగా తిప్పింది. ఇవతలి వైపు ఒకచోట అది కొంచెం లావుగా తగిలింది. ముడి కాదు. రెండు కొసలను ఒకదాని మీద ఒకటి పెట్టి మెలిపెట్టారు. ఆ చోట తెల్లటి పొడి ఉంది.

"సార్, ఇది చూడండి. దీన్ని కత్తిరించినారు. చదివినారు. మళ్లీ అతికించినారు."

శివప్రసాద్ కళ్లు చిట్లించాడు. "అయితే? కట్టినాయప్పే విప్పుకున్యాడేమో."

"వారం రోజులు ఆయన షాపులోనే ఉండాది. చదవాలంటే ఆడనే ముడి విప్పి మళ్లా అదే ముడి వేసుకుంటాడు. ఎవరికీ తెలీదు. ఇట్ల మెలిపెట్టే ఖర్మేంటికి?" ఆమె ఒక్క క్షణం ఆగింది. "మగ్గం మీద పాత పడుగు అయిపోతే కొత్త పోగుల్ని ఇట్లే అతుకుతారు. ముడి వేస్తే చీరలో తగులుతాదని, వేళ్లకు బూడిద అద్దుకుని మెలిపెడతారు. ఈడ బూడిద లేదు. విభూతి దొరికింది."

"ధర్మవరం చెయ్యంటారు."

ఆమె తలూపింది. చెప్పాలనిపించలేదు. చంద్రశేఖర్ నేత ఇంట్లో పుట్టినవాడు.

శివప్రసాద్ దారాన్ని ఫొటో తీయించి, కవర్లో వేశాడు. పుస్తకం ఆమెకిచ్చి, తన ముందే చదవమన్నాడు. ఆమె పడక్కుర్చీలో కూర్చోలేక నేల మీద కూర్చుంది. ఆరేళ్లలో ఆఖరి అధ్యాయం ఒంటరిగా చదవడం ఇదే మొదలు.

అప్పటిదాకా ఆ కథలో చదివిన ముగ్గురూ అసహ్యించుకున్నది అత్తగారిని. కొంగున తాళాల గుత్తి కట్టుకుని, రోజూ రాత్రి కోడలి గదికి బయట నుంచి తాళం వేసే మనిషి. ఎవరిని అడిగినా హత్య ఆమే చేసిందనేవాళ్లు. ఆఖరి అధ్యాయంలో తెలుస్తుంది. మతి చలించి మీదపడే కొడుకు నుంచి కాపాడటానికే ఆమె కోడలి గదికి తాళం వేసి, ఆ తలుపుకు అడ్డంగా పడుకునేది. ఒక్క రాత్రి కన్నంటుకుంది. ఆ రాత్రే కోడలు పోయింది. అత్త నేరం తన మీద వేసుకుంది.

హేమలత కళ్లు తుడుచుకుంది. ఇది నీలావతి గొంతులో వినాల్సిన పేజీ.

"ఇంతకీ ఎవరు చంపినారు?" అన్నాడు శివప్రసాద్, గోడకు ఆనుకుని.

ఆమె పుస్తకం అతని చేతికిచ్చింది. "మీరే చదువుకోండి సార్."

అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. కానీ పుస్తకం కింద పెట్టలేదు.

"ఐదింటిదాకా టైముండాది," అన్నాడు. "ధర్మవరం పోండి. తర్వాత పోతే దారం సంగతి లాయరు చూసుకుంటాడు. యూనస్ మాత్రం జైలుకు పోతాడు."

*

చంద్రశేఖర్ ఇంటి ముందు గదిలో మగ్గం. గుంటలో కాళ్లు పెట్టుకుని అతని భార్య రోజా పడుగు అతుకుతోంది. హేమలతను చూసి తలూపి, లోపలికి చెయ్యి చూపింది. ఎప్పుడొచ్చినా ఆమె అంతే. పలకరింపు ఆ చేతితోనే అయిపోయేది.

చంద్రశేఖర్ చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. రెండు రోజుల గడ్డం. లేచి కూర్చుని హేమలత చేతులు పట్టుకున్నాడు.

"యూనస్‌ను పట్టుకున్యారంట కదా చెల్లీ. వాడు చీమకు అపకారం చేయడు."

ఆమె చేతులు విడిపించుకుంది. శుక్రవారం మధ్యాహ్నం ఎక్కడున్నావని అడిగింది. స్నేహితురాలి గొంతు కాదని అతనికి అర్థమయింది. నిదానంగా చెప్పాడు. బత్తలపల్లి వెళ్లాడు. చీరలు నేసి ఇచ్చేవాళ్లు ఊళ్లో లేరు. ఎవరినీ కలవకుండానే తిరిగొచ్చాడు.

"చూసినోళ్లు ఎవరన్నా?"

"ఎవరూ లేరు." ఆమె మొహం చూశాడు. "నేనా? నీలావతక్కను నేనా?"

హేమలత దారం సంగతి చెప్పలేదు. వేరే దారి పట్టింది.

"అన్నా, ఈ కథలో చంపిందెవరనుకున్నావు? ఈ రోజు చెప్పాల్సిన మాట. చెప్పు."

అతను తెల్లబోయాడు. తర్వాత, అలవాటయిన ప్రశ్న కాబట్టి, దుఃఖంలోనే జవాబొచ్చింది.

"ఎవరేంది, ఆ ముసల్దే. అత్త. ఆడపిల్లను పశువును కట్టేసినట్టు గదిలో పెట్టి తాళమేస్తాదా? అట్లాంటి దాన్ని ఊరందరి ముందర నిలబెట్టి అడగాల. యూనస్ కూడా అదే అన్యాడు ఫోన్లో. దానికి పుట్టగతులుండవు అన్యాడు."

హేమలత అతని కళ్లలోకే చూస్తోంది. వాటిలో కోపం నిజమైనది. తాళం వేసిన చేతుల మీద పాఠకుడికి ఉండే కోపం. ఆఖరి అధ్యాయం చదివిన మనిషి ఎంత నటించినా ఇలా తిట్టలేడు. పెదవులు తిడతాయి, కళ్లు కలిసిరావు. తను ఒక గంట క్రితం చదివింది. ఇప్పుడా అత్తను ఒక్క మాటంటే తనకే గుచ్చుకుంటోంది.

అతను కాదు. ఆమెకు ఒక్కసారిగా గుండె తేలికయింది. వెంటనే భయమేసింది. మరెవరు? గడియారం నాలుగున్నర దాటింది.

రోజా రెండు లోటాల్లో కాఫీ తెచ్చి కింద పెట్టింది. చంద్రశేఖర్ ఇంకా ఆ అత్తను తిడుతూనే ఉన్నాడు. ఏడుపు అలా బయటికొస్తోంది.

"ఆమెననొద్దు," అంది రోజా.

చాలా చిన్న గొంతు. అతనికి సరిగా వినబడలేదు.

"ఏమే?"

"ఆయమ్మను అట్ల అనొద్దు. పాపం."

"నీకేం తెలుసని? లోపలికి పో." హేమలత వైపు తిరిగాడు. "ఏదో టీవీ సంగతి అనుకున్నట్టుండాది. దీనికి చదువు రాదు కదా."

రోజా లోపలికి పోలేదు. అక్కడే నిలబడి తన చేతివేళ్లు చూసుకుంటోంది. బొటనవేలికీ చూపుడువేలికీ బూడిద అంటి ఉంది.

హేమలత లేచి ఆమె దగ్గరికెళ్లింది.

"వదినా. ఆ అత్తను అందరం తిట్టినోళ్లమే. నీకు పాపమని ఎప్పుడనిపించింది?"

రోజా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అలాగే గోడకు జారి కూర్చుంది.

"నాకు చదువు వస్తాది," అంది. "ఎనిమిది దాకా చదివినా."

తర్వాత మాటలు ముక్కలుగా వచ్చాయి. పెళ్లయిన కొత్తలో మగ్గం దగ్గర నుంచి పుస్తకం చదవడానికి లేస్తే పని చెడుతుందని చంద్రశేఖర్ తల్లి లాక్కునేది. అప్పటినుంచి దాచుకుని చదవడం నేర్చుకుంది. ఈ సీరియళ్లు ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ, మొగుడు కొట్టుకు పోగానే బీరువా మీద నుంచి దించేది. చదివాక అతను గుర్తు పెట్టుకున్న పేజీ దగ్గరే గుర్తు ఉంచి, మళ్లీ బీరువా మీదే పెట్టేది. ఒక్కదాన్నీ వదల్లేదు. కానీ ఆఖరి అధ్యాయానికి కట్టిన దారాన్ని ఇంట్లో ముట్టుకునే ధైర్యం లేకపోయింది. అది తెగేది పెనుకొండలోనే, పుస్తకం మళ్లీ ఇంటికొచ్చేది కాదు. ఆదివారం రాత్రి అతను ఆ సంతోషంతో ఇంటికొచ్చి, అన్నం తిని, ఒక్క మాట చెప్పకుండా పడుకునేవాడు.

"ఆరేండ్లు," అంది. "చంపిందెవరో నాకు ఒక్కసారీ తెలీలేదు."

చంద్రశేఖర్ బీరువా వైపు చూశాడు.

శుక్రవారం ఆమె రైలెక్కింది. ఆదివారం తననూ రానిమ్మని, ఒక మూల కూర్చుంటానని నీలావతిని అడగాలనుకుంది. నీలావతి మంచిదే. కాఫీ ఇచ్చింది. కూర్చోబెట్టింది. విని నవ్వింది.

"నీకేం అర్థమవుతాదమ్మా, నీకు అక్షరం ముక్క రాదని మీ ఆయన చెప్పినాడే అనింది. ఇంట్లో గోడలతో మాట్లాడినట్టే ఉంటాది, ఈడికొస్తేనే మనిషినయితానని ఆయన అంటాడంట. చెడ్డగా అనలేదు. నన్ను చూసి జాలిపడినట్టే అనింది. ఆ మాట మళ్లా అనకుండా చెయ్యాలనిపించింది. దిండు చేతికొచ్చింది." ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. "అనలేదు మళ్లా."

వీధిలో ఎవరింట్లోనో మగ్గం ఆడుతున్న చప్పుడు.

"ఆనెంక రైలుకు ఇంకా టైముండె," అంది రోజా. "పక్కనే కూర్చోని చదివినా. ఆ తాళం ఎందుకేసిందో తెలిసినాక శానా ఏడ్చినా. మళ్లా మీరందరూ ఆదివారం చదువుకోవాల కదా. అందుకే అతికి పెట్టినా."

హేమలత ఫోను మోగింది. శివప్రసాద్. వెనక ఇంజను చప్పుడు, దాని మీదుగా మహజబీన్ గొంతు.

"బయల్దేరినాం మేడం. ఏమన్నా దొరికిందా?"

హేమలత రోజా వైపు చూసింది. ఒకవైపు యూనస్. ఎదురుగా నేల మీద, మోకాళ్లు ముడుచుకుని ఈ మనిషి. ఆరేళ్లుగా ఈ ఇంటికి వస్తూ పోతూ ఈమెతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు.

"మేడం?"

చంద్రశేఖర్ లేచాడు. భార్య ముందు ఒక్క క్షణం నిలబడ్డాడు.

"శుక్రవారం నేనొచ్చేసరికి ఇంటికి తాళముండె," అన్నాడు ఆమెతో. "యాడికి పోయినావని కూడా అడగలేదు నేను."

ఆమె తల ఎత్తలేదు. అతను హేమలత చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"సార్, నేను ధర్మవరం చంద్రశేఖర్‌ను. యూనస్‌ను వదిలేయండి. వాడు కాదు." తర్వాత స్పష్టంగా, అవతలివాళ్లు రాసుకోవడానికి వీలుగా చెప్పాడు. "నీలావతక్కను చంపింది నా పెండ్లాం. రోజా."